గురక పెట్టే మనిషికి ఆపరేషనా? మత్తుకి ముందు, మత్తులో, ఆ రాత్రి ఏం చేయాలి

ఆపరేషన్‌కి ముందు నేను అడిగే ప్రశ్నల్లో ఒకదానికి పేషెంటు నోటి నుంచి సరైన జవాబు దాదాపు ఎప్పుడూ రాదు. "రాత్రిళ్ళు గురక పెడతారా?" అంటే, "అబ్బే, అలసిపోయిన రోజు ఏదో కాస్త" అంటారు. అప్పుడు పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య వైపు చూస్తాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందంటే నాకు కావలసింది దొరికినట్టే.

నేను మత్తు డాక్టర్ని. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు, ఉన్నవాళ్ళకి మత్తు ఇవ్వడం మాకు కొత్త కాదు. ఉందని ముందే తెలిస్తే ఏర్పాట్లన్నీ చేసుకుంటాం. తెలియకపోతేనే కష్టం. అందుకే ఇది పేషెంటు కోసం ఎంతో, ఆ మనిషి పక్కన పడుకునేవాళ్ళ కోసం అంతకంటే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు జరిగేదేమిటో చూడండి. నిద్రలోకి జారగానే నాలుక, గొంతు వెనక కండరాలు వదులవుతాయి. దారి ఇరుకైతే గాలి ఒరుసుకుంటూ వెళ్తుంది, అది గురక. కొందరికి ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ ఎగసి పడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి అంతకు మించి. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. గుర్రుమని ఒక పెద్ద ఊపిరి, పక్కకి ఒత్తిగిలడం, మళ్ళీ నిద్ర. ఇలా ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకి 5 సార్లకి మించితే జబ్బు కిందే లెక్క, 30 దాటితే తీవ్రమైనది. తెల్లారాక ఆ మనిషికి ఇందులో ఒక్కటీ గుర్తుండదు.

ఆ ఉలికిపాటే రోజూ రాత్రి అతన్ని బతికిస్తోంది. మత్తుమందులు, మార్ఫిన్ జాతి నొప్పి ఇంజెక్షన్లు, నిద్రమాత్రలు గొంతుని ఇంకా వదులు చేస్తాయి, పైగా ఆ ఉలికిపాటుని అణిచేస్తాయి. థియేటర్లో మేం తల దగ్గరే నిలబడి ఉంటాం కాబట్టి అక్కడ పెద్ద భయం లేదు. వార్డుకి వచ్చాక, లైట్లు ఆర్పి అందరూ పడుకున్నాక మొదలయ్యే రాత్రి గురించే నా బెంగంతా.

ఇంట్లోనే ఒక లెక్క చూడండి

టొరంటోలో పనిచేసే మత్తు డాక్టరు ఫ్రాన్సెస్ చుంగ్, ఆమె బృందం 2008లో ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచురించారు. స్టాప్‌-బ్యాంగ్ అంటారు. ఖర్చు లేదు, దర్జీ టేపు ఒకటి ఉంటే చాలు. "అవును" అన్న ప్రతిదానికీ ఒక మార్కు వేయండి.

- మూసిన తలుపు అవతలికి వినిపించేంత గురక ఉందా?
- పగలు నిస్సత్తువ, కూర్చున్న చోటే కునుకు పడుతోందా?
- నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
- బీపీ ఉందా, బీపీకి మందులు వాడుతున్నారా?
- బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క, 35 దాటిందా? అయిదడుగుల అయిదంగుళాల మనిషైతే సుమారు 95 కిలోలకి పైన.
- వయసు 50 దాటిందా?
- గొంతు ముడి దగ్గర మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా?
- మగవారా?

రెండు వరకు వస్తే ప్రమాదం తక్కువ. మూడు, నాలుగు అయితే మధ్యస్థం. అయిదు, ఆపైన వస్తే పరీక్ష చేయించకపోయినా స్లీప్ ఆప్నియా ఉన్నట్టే అనుకుని మేం పని మొదలుపెడతాం. బీపీ మాత్రలు వేసుకునే యాభై అయిదేళ్ళ మగమనిషికి ఏ ప్రశ్నా అడక్కముందే మూడు మార్కులు వచ్చేస్తాయి, గమనించారా? పట్టిక కాస్త చాదస్తంగా అందరినీ అనుమానిస్తుంది. నాకు అదే నచ్చుతుంది.

ఒక్క మాట. బరువు ప్రశ్న మనవాళ్ళ విషయంలో మోసం చేస్తుంది. సన్నగా ఉండి, కింది దవడ చిన్నదిగా వెనక్కి ఉన్నవాళ్ళలో, టాన్సిల్స్ పెద్దగా ఉన్నవాళ్ళలో కూడా ఈ జబ్బు ఉంటుంది. "మా ఆయన పుల్లలా ఉంటాడు, ఈయనకేం జబ్బు" అని కొట్టిపారేయకండి. ఆడవాళ్ళలో గురక తక్కువగా, పొద్దున తలనొప్పి, నిద్ర చాలలేదన్న నీరసం ఎక్కువగా కనిపించవచ్చు. వాళ్ళ గురక గురించి ఇంట్లో ఎవరూ ఎత్తరు కూడా.

ఇంకో పని చేయండి. మనిషి వెల్లకిలా పడుకుని గాఢనిద్రలో ఉన్నప్పుడు, ఛాతీ, ముఖం కనబడేలా, చప్పుడు వినబడేలా రెండు మూడు నిమిషాలు ఫోన్లో వీడియో తీయండి. గురక ఆగి మళ్ళీ మొదలయ్యే వరకు ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. మీరు పది నిమిషాలు వర్ణించినదాని కంటే ఆ వీడియో నాకు ఎక్కువ చెబుతుంది.

ఫిట్‌నెస్ చూపించుకునే రోజు

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూసే ఈ పరీక్షని మన ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు, జనం "మత్తు ఫిట్‌నెస్" అంటారు. చాలామంది సంతకం కోసం తిరిగే తిరుగుడు అనుకుంటారు. అలా కాదు, మీ మాట వినడానికి మాకు దొరికే సమయం అదే. తేదీ ముందే తెలిసిన ఆపరేషన్ అయితే రెండు మూడు వారాల ముందే రండి. ముందు రోజు సాయంత్రం వస్తే మా చేతిలో చేయడానికేమీ మిగలదు.

స్లీప్ టెస్టు రిపోర్టు ఉంటే తెండి. పాత ఆపరేషన్ కాగితాలు తెండి. వాడే మందులన్నీ చెప్పండి. ఆందోళనకి, నిద్రకి ఎప్పుడో ఎవరో రాసిచ్చిన ఆల్ప్రజోలం మాత్ర రోజూ రాత్రి వేసుకుంటుంటే దాన్ని అసలు దాచకండి. అలాగని ఏళ్ళ తరబడి వేసుకుంటున్నదాన్ని భయపడి మీకు మీరే ఒక్కసారిగా ఆపనూ వద్దు, మేం చెప్పినట్టు చేయండి. బరువు తగ్గడానికో షుగరుకో సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్ వాడుతుంటే అదీ చెప్పండి. దానివల్ల తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మీరు మమ్మల్ని అడగాల్సినవీ ఉన్నాయి. దీన్ని వెన్నులో ఇచ్చే మత్తుతో చేయవచ్చా? నొప్పికి ఏ మందులు ఇస్తారు? ఆ రాత్రి ఎక్కడ ఉంచుతారు, అక్కడ అలారం మోగే ఆక్సిజన్ మానిటర్ ఉంటుందా? అదే రోజు ఇంటికి పంపుతామంటే, పంపడం క్షేమమేనా? ఇవి అడిగినందుకు ఏ మంచి డాక్టరూ విసుక్కోడు. విసుక్కున్నా అడగండి.

అనుమానం వచ్చింది, టెస్టు లేదు. ఆపరేషన్ వాయిదా వేయాలా? బీపీ, గుండె, ఊపిరితిత్తులు అదుపులో ఉంటే చాలావరకు అక్కర్లేదు. ఉందనుకునే జాగ్రత్త పడతాం. కాళ్ళ వాపు, పగలు కూడా ఆక్సిజన్ తక్కువగా ఉండటం, బాగా లావుగా ఉండి రక్తంలో బైకార్బొనేట్ (బొగ్గుపులుసు వాయువు పేరుకుంటోందనడానికి గుర్తు) ఎక్కువగా ఉండటం లాంటివి కనిపిస్తే మాత్రం ఆగి, చూపించుకుని రావడమే మంచిది. పగిలిన అపెండిక్స్ లాంటి అత్యవసరమైతే ఈ చర్చే లేదు. "గురక ఉంది, ఊపిరి ఆగుతుంది" అన్న ముక్క క్యాజువాలిటీలోనే చెప్పేయండి, చాలు.

సీప్యాప్ మెషీన్ ఉన్నవాళ్ళు

ముక్కుకి మాస్కు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతుని తెరిచి ఉంచే ఈ యంత్రం గురించి సిడ్నీలో కాలిన్ సల్లివన్ బృందం 1981లో మొదటిసారి ప్రకటించింది. ఇవాళ్టికీ ఈ జబ్బుకి ప్రధాన వైద్యం ఇదే. మన ఇళ్ళల్లో మాత్రం కొన్న నెలకే అటక ఎక్కుతుంది. ఆపరేషన్ ఉందని తెలిసిన రోజే దించి, తుడిచి, ప్రతి రాత్రీ వాడటం మొదలుపెట్టండి. అలవాటు తప్పిన మనిషికి కుట్ల నొప్పితో ఉన్న రాత్రి మాస్కు తగిలిస్తే పీకి పారేస్తాడు.

ఆసుపత్రికి మీ మెషీన్, మీ మాస్కు, ట్యూబు, వైరు తెచ్చుకోండి. మీ ముఖానికి సరిపడే మాస్కు ఆసుపత్రిలో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తెండి, వార్డులో ప్లగ్గు మంచానికి ఆమడ దూరంలో ఉంటుంది. మెషీన్ మీద పేరు, ఒత్తిడి ఎంత పెట్టారో రాసిన చీటీ అంటించండి. తేమ కోసం నీళ్ళు పోసే డబ్బా ఉంటే డిస్టిల్డ్ వాటర్ సీసా కూడా.

ముక్కు ఆపరేషన్ అయి లోపల గుడ్డ కూరి ఉంటే ముక్కు మాస్కు పనిచేయదు. అలాంటి ఆపరేషన్ అయితే ఆ రాత్రి ఏం చేస్తారో ముందే అడిగి ఉంచండి.

ముందు రాత్రి

ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకునేవాళ్ళని నేను చూశాను. వద్దు. నిద్ర పట్టట్లేదని చుట్టాలావిడ పర్సులోంచి తీసిచ్చిన మాత్ర అసలే వద్దు. తేలికపాటి తిండి ఆరు గంటల ముందు ఆపాలి, బిర్యానీలాంటి నూనె, మాంసం తిండి ఎనిమిది గంటల ముందు. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు మామూలుగా తాగవచ్చు, మీ డాక్టరు వేరేగా చెబితే తప్ప. పాలు, పాలు కలిపిన టీ మంచినీళ్ళ లెక్కలోకి రావు.

గడ్డం సంగతి. ఒత్తుగా గడ్డం ఉంటే మేం ముఖం మీద పెట్టే మాస్కు పక్కల నుంచి గాలి పోతుంది. లావుగా, పొట్టి మెడతో ఉన్న మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు. తీయగలిగితే తీయండి. అయ్యప్ప దీక్షలోనో మొక్కులోనో ఉండి తీయలేకపోతే బలవంతం లేదు, ముందే చెబితే తగ్గ ఏర్పాటు చేసుకుంటాం. కట్టుడు పళ్ళు, కదిలే పళ్ళు కూడా చెప్పాలి.

ఏ మత్తు?

చెయ్యి, కాలు, బొడ్డు కింది భాగం ఆపరేషన్లకి వెన్నులో ఇంజెక్షనో, ఆ చోటికి వెళ్ళే నరాలకి మాత్రమే ఇచ్చే బ్లాకో కుదిరితే అదే నా మొదటి ఎంపిక. మనిషి మెలకువగా ఉంటాడు, గొంతు జోలికి వెళ్ళం. పైగా బ్లాకు ప్రభావం ఉన్నంతసేపు మార్ఫిన్ జాతి మందు అవసరం బాగా తగ్గుతుంది. "నాకేమీ తెలియకూడదు డాక్టరుగారూ, పూర్తిగా పడుకోబెట్టేయండి" అని బతిమాలేవాళ్ళుంటారు. భయం అర్థమవుతుంది. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళకి వెన్ను మత్తు ఇచ్చి, పైనుంచి నిద్ర ఇంజెక్షన్ కూడా గట్టిగా ఇస్తే, చేసిన మేలంతా పోతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినండి, ఎవరూ వద్దనరు.

పొట్ట, ఛాతీ లాంటి పెద్ద ఆపరేషన్లకి పూర్తి మత్తు తప్పదు. గొంతులో ట్యూబు వేసి ఊపిరి మా చేతిలోకి తీసుకుంటాం. అది వింటే భయం వేస్తుంది గానీ, ట్యూబు లేకుండా లోతుగా నిద్రపుచ్చడం కంటే అదే క్షేమం.

అందుకే నాకు ఎక్కువ కంగారు "చిన్న" వాటి గురించే. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, పళ్ళ పని. "ఆపరేషనేం కాదు, అయిదు నిమిషాలు నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు" అని పేషెంటు ఒక్కడే బండి మీద వస్తాడు. గురక గురించి అడిగేవాళ్ళుండరు, చెప్పే భార్య పక్కన ఉండదు. అక్కడ కూడా, సూది గుచ్చకముందే, మీ అంతట మీరే చెప్పండి.

థియేటర్లో

ఇక్కడ మీ పని తక్కువ. తల, భుజాల కింద దిండ్లు ఎత్తుగా పేర్చి, చెవి ఛాతీ ఎత్తుకి వచ్చేలా పడుకోబెడతాం. మూడు నిమిషాలపాటు మాస్కుతో ఆక్సిజన్ పీల్పిస్తాం. మాస్కు పక్కకి నెట్టకుండా నిదానంగా పీల్చండి. మీరు నిద్రలోకి వెళ్ళాక ఊపిరి లేకుండా గడిచే ఆ కొద్దిసేపటికి అదే నిల్వ. ట్యూబు వేయడం కష్టం కావచ్చని ముందే అనుకుని గొంతు లోపలిని తెర మీద చూపించే వీడియో లారింగోస్కోపు దగ్గర పెట్టుకుంటాం.

చివర్లో మాత్రం మీతో పని ఉంది. మామూలు మనిషికంటే మిమ్మల్ని బాగా తెలివి వచ్చేదాకా ఆగి ట్యూబు తీస్తాం. "కళ్ళు తెరవండి, చెయ్యి గట్టిగా పట్టుకోండి" అని వినిపిస్తుంది, గొంతులో ఏదో అడ్డంగా ఉన్నట్టు తెలుస్తుంది. ఇది ముందే తెలిస్తే బెదరరు. చెప్పింది చేయండి, క్షణాల్లో తీసేస్తాం.

ఆ రాత్రి, మంచం పక్కన కూర్చునేవాళ్ళకి

తల వైపు మంచం ముప్పై డిగ్రీల దాకా ఎత్తి ఉంచమనండి. డాక్టరు ఒప్పుకుంటే పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి. వెల్లకిలా, బల్లపరుపుగా వద్దు. ఇక్కడొక చిక్కుంది. వెన్ను మత్తు తర్వాత "తలనొప్పి వస్తుంది, దిండు తీసేయండి, లేవనివ్వద్దు" అనడం మన వార్డుల్లో పాత ఆచారం. చదునుగా పడుకోవడం వల్ల ఆ తలనొప్పి ఆగదని ఎప్పుడో తేలింది. గురక మనిషికి దిండు తీసే ముందు మత్తు డాక్టరుకి ఒక ఫోన్ చేయమని సిస్టర్‌ని మర్యాదగా అడగండి.

మెషీన్ ఉంటే కళ్ళు మూసిన ప్రతిసారీ మాస్కు పెట్టండి, పగలు కునుకైనా సరే. వాంతి వచ్చేలా ఉంటే వెంటనే మాస్కు తీసి పక్కకి తిప్పండి.

నొప్పి భరించమని నేను చెప్పను. నొప్పి ఉంటే అడగండి. పారాసిటమాల్, కిడ్నీలు, కడుపు బాగుంటే డైక్లోఫెనాక్ లాంటివి, నరాల బ్లాకు, ఇవన్నీ ముందు వాడి, మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ లాంటివి వీలైనంత తక్కువలో ఉంచాలన్నది మా పద్ధతి. మీరు కనిపెట్టాల్సింది ఒక్కటే: డ్యూటీ మారినప్పుడు, నొప్పికి ఒకటి, నిద్రకి ఒకటి, వాంతికి మగత తెచ్చేది ఒకటి వెంటవెంటనే పడకుండా చూడండి. "ఈయనకి స్లీప్ ఆప్నియా ఉందండీ" అని కొత్తగా వచ్చిన ప్రతి సిస్టర్‌కీ చెప్పండి. బటన్ నొక్కితే మందు వచ్చే పంపు పెట్టారనుకోండి, పేషెంటే నొక్కాలి. మూలుగుతున్నాడని జాలిపడి మీరు నొక్కకండి. మగతలో ఉన్న మనిషి తనంతట తాను నొక్కలేడు, ఆ పంపులో ఉన్న రక్షణే అది.

ఆక్సిజన్ పెట్టారు కదా, మానిటర్లో 97 చూపిస్తోంది కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండకండి. ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు ఊపిరి మందగించి బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. అందుకని ఛాతీ చూడండి. నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో వాచీ పెట్టి లెక్కపెట్టండి. పది కంటే తక్కువైతే, పిలిస్తే సరిగ్గా పలకకపోతే, అంకె 90 కిందికి దిగితే సిస్టర్‌ని పిలవండి. కోవిడ్ రోజుల్లో కొన్న వేలి ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే కొత్త బ్యాటరీ వేసి తెచ్చుకోవచ్చు, అయితే దానికి అలారం లేకపోతే చూస్తూ కూర్చుంటేనే పనికొస్తుంది. ఆ వేలికి నెయిల్ పాలిష్ ఉండకూడదు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. అర్ధరాత్రి వరకు గురక పెట్టిన మనిషి ఒక్కసారిగా నిశ్శబ్దమైతే, మన ప్రాణం "హమ్మయ్య, ఇప్పటికి హాయిగా పడుకున్నాడు" అంటుంది. అప్పుడే లేచి చూడండి. పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం కుదపండి. గడ్డం పట్టి పైకెత్తండి, తల కాస్త వెనక్కి వంచండి. అప్పటికే ఇంకో చేత్తో బెల్లు నొక్కి ఉండాలి. అనవసరంగా లేపామే అనుకోకండి. లేచి తిట్టాడంటే ఊపిరి బాగా ఆడుతున్నట్టే.

ఇంటికి వచ్చాక

ఆపరేషన్ అయిన మొదటి రెండు రాత్రులు నిద్ర చెదిరి, కలల నిద్ర బాగా తగ్గిపోతుంది. తర్వాత మూడో రాత్రి, ఆ చుట్టుపక్కల అది వడ్డీతో తిరిగొస్తుంది. ఆ దశలోనే గొంతు మరింత వదులై ఆప్నియా పెరుగుతుంది. చాలామంది డిశ్చార్జ్ అయ్యేది సరిగ్గా అప్పుడే. కాబట్టి కనీసం వారం రోజులు తల ఎత్తుగా పెట్టి, లేదా పక్కకి తిరిగి పడుకోవాలి, మెషీన్ వదలకూడదు, మద్యం ముట్టకూడదు. డిశ్చార్జ్ చీటీలో ట్రమడాల్ ఉంటే దాంతోపాటు నిద్రమాత్ర వేయకూడదు. ఒంటరిగా ఒక గదిలో పడుకోబెట్టకండి.

పిల్లలకి టాన్సిల్స్ ఆపరేషన్ అయితే

గురకపెట్టే పిల్లల్లో ఊపిరి ఆగడానికి ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్సే కారణం, తీసేయడమే వైద్యం. అయితే తీసిన రాత్రే గురక మాయం కాదు, వాపు ఉంటుంది. మూడేళ్ళ లోపు పిల్లల్ని, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళని ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచమనండి. ఇంట్లో మిగిలిన దగ్గు సిరప్ నొప్పికో దగ్గుకో పట్టకండి. కొన్నిటిలో కోడీన్ ఉంటుంది. కొందరి పిల్లల ఒంట్లో అది వేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆపేస్తుంది. మరణాలు బయటపడ్డాక అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకి కోడీన్ కూడదని తీవ్ర హెచ్చరిక ఇచ్చింది. 2017లో పన్నెండేళ్ళలోపు పిల్లలకి కోడీన్, ట్రమడాల్ రెండూ వద్దంది.

కాగితం

గొంతులో ట్యూబు వేయడం కష్టమైతే, మాస్కుతో గాలి ఇవ్వడం కష్టమైతే, ఆ సంగతి మత్తు డాక్టరుతో రాయించుకోండి. ఏ పరికరంతో పని అయిందో కూడా రాయమనండి. అది డిశ్చార్జ్ సమ్మరీలో సాధారణంగా ఉండదు, అడిగితేనే వస్తుంది. ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి, అసలు కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. కుట్లు విప్పే రోజు వచ్చినప్పుడు, ఇంకా చేయించని స్లీప్ టెస్టుకి తేదీ కూడా తీసుకునే ఇంటికి వెళ్ళండి.